వేళ్ల సాధన

మంద్రస్వరాలు పలికే బేస్ గిటారుకు సామాన్యంగా నాలుగు తంత్రులు. వీణలోనూ స్వరాలు పలికించే తంత్రులు నాలుగే. వీటిని వాయించేవారిని చూసి, వేళ్లకు ఎంత బలమో అని ఆశ్చర్యపడతాం. నిజానికి వేలిని వంచే కండరాలు వేలిలో లేవు; ముంజేతిలోను, అరచేతిలోను ఉన్నాయి. కనుక సాధన అంటే బలం పెంచడం మాత్రమే కాదు. ప్రతివేలికీ స్వతంత్రంగా, తగినంత ఒత్తిడితో కదలడం నేర్పడం.

మన వీణా సంప్రదాయంలో మొదట సరళీస్వరాలు, పిదప జంటస్వరాలు మూడు కాలాలలో అభ్యసిస్తారు. మొదటి కాలం నిలకడగా పలికిన తర్వాతే రెండవ కాలం. ఈమని శంకరశాస్త్రి (1922–1987), ఆయన శిష్యుడు చిట్టిబాబు (1936–1996) వంటి వైణికుల విద్వత్తుకు ఇటువంటి సాధనే పునాది.

బేస్ గిటారుకూ ఇదే మార్గం. కుడిచేతి చూపుడువేలితో, మధ్యవేలితో మార్చి మార్చి మీటాలి. ఎడమచేతి నాలుగు వేళ్లతో నాలుగు వరుస మెట్లపై ఒక్కొక్క స్వరం పలికించాలి. మెట్లు కొంత దగ్గరగా ఉండే అయిదవ మెట్టునుండి ఆరంభించడం మేలు. ఉంగరపువేలు, చిటికెనవేలు త్వరగా లొంగవు. వాటిని కదిపే స్నాయువులు పరస్పరం ముడిపడి ఉండడమే అందుకు ముఖ్యకారణం. మెట్టుకు అతిసమీపంలో నొక్కితే తక్కువ ఒత్తిడితోనే స్వరం స్పష్టమవుతుంది.

వేలికొనల మంట క్రమంగా తగ్గుతుంది. మణికట్టులో, ముంజేతిలో నొప్పి కలిగితే మాత్రం వెంటనే ఆపాలి. తొందరపడిన చేయి వాద్యానికే దూరం కావచ్చు. అభ్యాసం కూసువిద్య అన్న పెద్దలు ఆత్రాన్ని విద్య అనలేదు.