జట్టుకు పేరు, జాతికి తిట్టు

1972లో కొందరు అమెరికా ఆదివాసీ నాయకులు వాషింగ్టన్ నగరపు ఫుట్‌బాల్ జట్టు అధ్యక్షుడు ఎడ్వర్డ్ బెనెట్ విలియమ్స్‌ను కలిశారు. మీ జట్టు పేరు మమ్మల్ని తిట్టే మాట, మార్చండి అని అడిగారు. ఆయన జట్టు పాటలో కొన్ని మాటలు మార్పించాడు గానీ పేరు జోలికి పోలేదు. ఆ పేరు తీసేస్తున్నామని యాజమాన్యం ప్రకటించింది 2020 జూలై 13న. నడుమ నలభై ఎనిమిదేళ్లు గడిచాయి.

ఆ పేరు రెడ్‌స్కిన్స్. ఎర్రతోలువాళ్లు అని అర్థం. తెల్లవాళ్లు ఆ నేలను ఆక్రమించుకుంటున్న కాలంలో అక్కడి మూలవాసులను పిలిచిన పిలుపు అది. 1863లో మిన్నెసోటా రాష్ట్రంలో ఒక పత్రిక, చంపిన ఒక్కో ఎర్రతోలువాడికి ప్రభుత్వం ఇచ్చే బహుమతి 200 డాలర్లకు పెరిగిందని వార్త వేసింది. మందమీద పడే తోడేలు తలకు కట్టినట్టు మనిషి తలకు వెల కట్టిన రోజులవి. అలాంటి మాటను బనియన్ల మీద, టోపీల మీద అచ్చేసి ఎనభై ఏడేళ్లు మైదానంలో కేకలు పెట్టించారు.

నేను నూజెండ్ల మండలంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి రిటైరయ్యాను. పిల్లలు పీఈటీ సారనేవాళ్లు, ఊళ్లో పెద్దవాళ్లు డ్రిల్లు మాస్టారనేవాళ్లు. నా ఆటలు కబడ్డీ, వాలీబాల్. ఈ అమెరికా ఫుట్‌బాల్ సంగతి నా చెవిన పడింది మా అమ్మాయి కాపురం వల్ల. వర్జీనియా రాష్ట్రంలో ఆష్‌బర్న్ అనే ఊరు. తెలుగువాళ్లు బాగా స్థిరపడిన చోటు. ఆ జట్టు ఆఫీసు, రోజూ సాధన చేసే మైదానం ఆ ఊళ్లోనే ఉన్నాయి. పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు సాయంత్రం నడకలో కలిసే మనవాళ్లు ఈ పేరు గొడవ గురించి మాట్లాడుకుంటుంటే, జట్ల పేర్లు రిజిస్టరులో రాస్తూ బతికినవాణ్ణి కాబట్టి నాకు అది పట్టుకుంది.

అక్కడ స్థిరపడిన ఒక ఇంజనీరు, మా ప్రకాశం జిల్లావైపు అబ్బాయే, నాతో అన్న మాట ఇది: "అంకుల్, నేను కొత్తగా వచ్చినప్పుడు ఆఫీసులో నలుగురూ నాతో మాట కలిపింది ఈ జట్టు వల్లే. సోమవారం పొద్దున ఆట గురించి మాట్లాడితే నన్ను కూడా తమవాడు అనుకున్నారు. ఇప్పుడా పేరు అనకూడదంటే, ఏదో తప్పు చేసినట్టు ఉంది." ఆ అబ్బాయి బాధ అబద్ధం కాదు. పేరు ఉండాలన్నవాళ్లందరూ చెడ్డవాళ్లని చెప్పడం నాకు చేతకాదు. 1983లో, 1988లో, 1992లో ఆ ఆటలో అతిపెద్ద పోటీ అయిన సూపర్ బౌల్ గెలిచిన జట్టు అది. తాత భుజం మీద కూర్చుని ఆట చూసినవాళ్లు, తమ మనవళ్లను భుజం మీద కూర్చోబెట్టుకుని చూశారు.

వాళ్ల వాదనలోనూ బలమైన సంగతులున్నాయి. హెల్మెట్ మీది ఆదివాసీ ముఖం బొమ్మ 1970ల మొదట్లో బ్లాక్‌ఫీట్ తెగ నాయకుడు వాల్టర్ వెట్జెల్ చొరవతో వచ్చింది. అరిజోనాలో నవాహో జనం మధ్య ఉన్న రెడ్ మేసా హైస్కూలు తన జట్టుకు అదే పేరు పెట్టుకుంది. 2016లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక 504 మంది ఆదివాసులను అడిగితే, పదిమందిలో తొమ్మిదిమంది ఈ పేరు తమను బాధించదన్నారు. జట్టు యజమాని డాన్ స్నైడర్ అప్పటికే, 2013లోనే, పేరు ఎన్నటికీ మార్చనని వేరే పత్రికకు చెప్పాడు. ఆ 'ఎన్నటికీ'ని పెద్దక్షరాల్లో వేసుకోండని కూడా అన్నాడు.

ఈ పేరు గౌరవం కోసం పెట్టిందేనా? జట్టు 1932లో బోస్టన్‌లో బ్రేవ్స్ అనే పేరుతో పుట్టింది. మరుసటి ఏడే యజమాని జార్జ్ ప్రెస్టన్ మార్షల్ పేరు మార్చాడు. 1937లో జట్టును వాషింగ్టన్‌కు తరలించాడు. అప్పటి కోచ్ ఆదివాసీ అనీ, ఆయన గౌరవార్థం పెట్టిన పేరనీ యాజమాన్యం తర్వాత చెప్పుకుంటూ వచ్చింది. కానీ 1933లో మార్షలే పత్రికలవాళ్లకు అందుకు కాదని చెప్పాడు. బోస్టన్‌లో బ్రేవ్స్ అనే బేస్‌బాల్ జట్టు ఉంది, తికమక లేకుండా మార్చానన్నాడు. ఇదే మార్షల్ 1962 వరకూ నల్లజాతి ఆటగాళ్లను జట్టులోకి రానివ్వలేదు. జట్టు ఆడే లీగ్‌లో నల్లజాతి ఆటగాళ్లకు చోటిచ్చిన చివరి జట్టు అదే. మీ కొత్త స్టేడియం ప్రభుత్వ స్థలంలో ఉంది, పద్ధతి మార్చుకోకపోతే అందులో ఆడనివ్వమని కేంద్రమంత్రి స్టివార్ట్ యూడాల్ గట్టిగా చెప్పాకే బాబీ మిచెల్ వంటి ఆటగాళ్లకు తలుపు తెరుచుకుంది. గౌరవం గురించి ఆ మనిషి పేరు మీద ప్రమాణం చేయడం కష్టం.

సర్వే లెక్క కూడా నిలబడలేదు. 2020లో బర్క్‌లీ విశ్వవిద్యాలయం పరిశోధకులు వెయ్యిమందికి పైగా ఆదివాసులను అడిగితే సుమారు సగంమంది ఆ పేరు తమను కించపరుస్తుందన్నారు. తెగ ఆచారాలతో గట్టిగా ముడిపడి బతికేవాళ్లలో ఆ బాధ ఇంకా ఎక్కువ. అయినా నాకు ఈ లెక్కల మీదే నమ్మకం లేదు. తరగతిలో నలభైమంది పిల్లలుంటే, ఒక పిల్లవాణ్ణి తక్కినవాళ్లు ఒక పేరు పెట్టి పిలుస్తున్నారనుకోండి. చేతులెత్తించి ఓట్లు లెక్కపెట్టే ఉపాధ్యాయుడు ఉంటాడా? 2005లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం ఆదివాసీ పేర్లు, బొమ్మలు జట్లకు వాడడం మానాలని తీర్మానించింది. స్టెఫనీ ఫ్రైబర్గ్ అనే పరిశోధకురాలు 2008లో ప్రచురించిన అధ్యయనంలో, ఇలాంటి బొమ్మలు చూశాక ఆదివాసీ పిల్లలకు తమ మీద తమకున్న గౌరవం తగ్గిందని తేలింది. పిల్లల్ని మైదానంలో నిలబెట్టి ధైర్యం నూరిపోసే ఉద్యోగం చేసినవాడిగా నాకు మిగతా వాదనలన్నిటికన్నా ఇదే పెద్దది.

కోర్టు కథ పొడుగైనది. 1992లో సుజాన్ షోన్ హార్జో, ఆమెతోపాటు మరో ఆరుగురు ఆదివాసులు ట్రేడ్‌మార్క్ కార్యాలయంలో ఫిర్యాదు చేశారు. ఒక జాతిని కించపరిచే పేరుకు ట్రేడ్‌మార్క్ రక్షణ ఇవ్వకూడదని అప్పటి చట్టం. 1999లో వాళ్లు గెలిచారు. తర్వాత పై కోర్టుల్లో, ఫిర్యాదు ఆలస్యంగా చేశారన్న కారణం కూడా చూపి, ఆ గెలుపు కొట్టేశారు. ఈసారి వయసు తక్కువున్న వాళ్లు ముందుకొచ్చారు. అమాండా బ్లాక్‌హార్స్ అనే నవాహో యువతి ముందు నిలిచిన కేసులో 2014 జూన్ 18న ఆరు ట్రేడ్‌మార్క్‌లు రద్దయ్యాయి. మరుసటి ఏడు ఫెడరల్ కోర్టూ దాన్ని సమర్థించింది.

ఆ గెలుపును ముంచింది ఇంకో పేరు కేసు. సైమన్ టామ్ అనే ఆసియా మూలాల అమెరికన్ సంగీతకారుడు తన బృందానికి ద స్లాంట్స్ అని పేరు పెట్టుకున్నాడు. ఆసియావాళ్ల కళ్లను వెక్కిరించే మాట అది. ఆ మాటతో నన్ను ఏడిపించారు, ఇప్పుడు దాన్ని నేనే జెండాగా ఎగరేస్తాను అని ఆయన ఉద్దేశం. ట్రేడ్‌మార్క్ కార్యాలయం ఆ పేరుకు రక్షణ ఇవ్వనంది. 2017లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. కించపరిచే పేర్లకు రక్షణ నిరాకరించే నిబంధన వాక్‌స్వాతంత్ర్యానికి విరుద్ధమంటూ దాన్నే కొట్టేసింది. దాంతో బ్లాక్‌హార్స్ కేసు కాళ్ల కింద నేల పోయింది. చట్టం కంటికి రెండు కేసులూ ఒకటే. నాకు మాత్రం ఒకటి కావు. టామ్ తన గాయానికి తానే పేరు పెట్టుకున్నాడు. మార్షల్ వేరేవాళ్ల గాయాన్ని అమ్ముకున్నాడు.

ఆఖరికి కదిలించింది డబ్బు. 2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుణ్ణి పోలీసు మెడ మీద మోకాలు నొక్కిపెట్టి చంపాక దేశమంతా వీధుల్లోకి వచ్చింది. జూన్‌లో మార్షల్ స్మారక చిహ్నాన్ని పాత స్టేడియం దగ్గర నుంచి తీసేశారు. 87 పెట్టుబడి సంస్థలు, వాటాదారులు కలిసి నైకీ, ఫెడెక్స్, పెప్సీ కంపెనీలకు ఉత్తరాలు రాశారు: ఈ జట్టుతో సంబంధం తెంచుకోండని. స్టేడియానికి తన పేరు పెట్టుకోవడానికి 1999లో 20 కోట్ల 50 లక్షల డాలర్లకు ఒప్పందం చేసుకున్న ఫెడెక్స్, జూలై 2న పేరు మార్చమని జట్టును అడిగింది. నైకీ తన దుకాణంలోంచి ఆ జట్టు సరుకు తీసేసింది. పదకొండు రోజుల్లో పేరు పోయింది. రెండు సీజన్లు ఊరికే వాషింగ్టన్ ఫుట్‌బాల్ టీమ్ అని ఆడారు. 2022 ఫిబ్రవరి 2న కమాండర్స్ అని పెట్టుకున్నారు.

ఫెడెక్స్ అడగడం మంచిదే. కానీ హార్జో, బ్లాక్‌హార్స్ లాంటి వాళ్లు దశాబ్దాలపాటు చెప్పకపోతే ఆ ఉత్తరాల్లో రాయడానికి మాటలే ఉండేవి కావు. డబ్బు పదకొండు రోజుల్లో చేసిందని చెప్పుకునేవాళ్లు ఈ సంగతి మరవకూడదు.

క్లీవ్‌లాండ్ బేస్‌బాల్ జట్టుకు ఇండియన్స్ అని పేరుండేది. అదీ 2021లో గార్డియన్స్ అని మార్చుకుంది. ఆ ఊరి వంతెన మీద నిలబెట్టిన రాతి కావలివాళ్ల పేరది. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ జట్టు సెమినోల్స్ మాత్రం ఆ పేరుతోనే ఉంది, ఎందుకంటే ఫ్లోరిడాలోని సెమినోల్ తెగ మండలి ఒప్పుకుంది. నాకు ఇది సబబుగా తోస్తుంది. అడిగారు, వాళ్లు సరే అన్నారు.

"మనకెందుకు మాస్టారూ, వాళ్ల గొడవ" అన్న తెలుగువాళ్లు ఆష్‌బర్న్‌లో లేకపోలేదు. మన గొడవ కాకపోతే ఎలా? మన దగ్గర పేర్ల పోట్లాట లేదా? విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయం 1998లో ఎన్టీఆర్ పేరు పొందింది, 2022లో వైఎస్సార్ పేరైంది, 2024లో మళ్లీ ఎన్టీఆర్ దగ్గరికి వచ్చింది. అవి పార్టీల పంతాలు. క్రికెట్‌లో డెక్కన్ ఛార్జర్స్ పోయి సన్‌రైజర్స్ రావడం యజమాని మారిన వ్యాపారం. కోనసీమ సంగతి వేరు. జిల్లా పేరుకు అంబేడ్కర్ పేరు చేరుస్తామంటే 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. పేరులో ఏముందిలే అనేవాళ్లకు ఆ మంటలు చూపించాలి.

ఇంకా వెనక్కి వెళితే, వాషింగ్టన్ కథకు మన తెలుగునేల మీదే పెద్దన్న లాంటి కథ ఉంది. 1917లో బెజవాడలో పంచముల మహాసభ జరిగింది, అంటే అంటరానివాళ్లని పక్కనపెట్టిన కులాలవాళ్ల సభ. అధ్యక్షుడు హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ. పంచములనే మాట మా పురాణాల్లో లేదు, మాకు మేం పెట్టుకున్నదీ కాదు, ఈ నేలకు మొదటివాళ్లం మేం అని వాదించి, ఆ సభనే ఆది ఆంధ్ర మహాసభగా మార్చారు. 1922లో మద్రాసు ప్రభుత్వం పాత పిలుపులు మానేసి ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అని రాయాలని ఉత్తర్వు ఇచ్చింది. అయిదేళ్లు! ఎవరి పేరో వాళ్లే చెప్పారు, సర్కారు రాసుకుంది. ఊళ్లలో నాలుకలు మాత్రం అంత త్వరగా మారలేదు. చాపకూడు పెట్టి అందరినీ ఒక పంక్తిలో కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి పల్నాడులో కూడా మారలేదు.

మా దగ్గర సంక్రాంతికి, తిరునాళ్లకు కబడ్డీ, క్రికెట్ టోర్నమెంట్లు జరుగుతాయి. ఎంట్రీలు రాసుకునే రిజిస్టరు చాలా ఏళ్లు నా దగ్గరే ఉండేది. ఊరి పేర్లు, సినిమా హీరోల పేర్లు, అప్పుడప్పుడూ కులం పేర్లు వచ్చేవి. ఒక జట్టుకు మాత్రం ఎవరూ పేరు అడిగేవాళ్లు కాదు. మైకులో 'పల్లె టీమ్' అని పిలిచేవాళ్లు. పల్లె అంటే దళితవాడ అని పల్నాడులో పుట్టినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఒక సంక్రాంతికి ఆ కుర్రాళ్ల కెప్టెన్ వచ్చి, "సార్, జాషువా ఎలెవన్ అని రాయండి" అన్నాడు. గుర్రం జాషువా 1895లో మా పక్క వినుకొండలో పుట్టినవాడు. అంటరానితనం ఎంత కాల్చిందో పద్యంలో పెట్టినవాడు. నేను రాశాను. కమిటీలో పెద్దాయన ఒకరు, "ఏ పేరైతే ఏముంది మాస్టారూ, ఆడితే చాలదా" అన్నారు. మ్యాచ్ మొదలుపెట్టేటప్పుడు మైకు అబ్బాయి అలవాటు కొద్దీ పాత పిలుపే పిలిచాడు. పదకొండుమందీ బౌండరీ గీత అవతలే నిలబడ్డారు. గొడవ చేయలేదు, అరవలేదు. అంపైరు పిలిచినా కదల్లేదు. నేను మైకు దగ్గరికి వెళ్లి రిజిస్టరు చూపించాను. అబ్బాయి పేరు సరిగ్గా పిలిచాక గీత దాటి లోపలికి వచ్చారు. ఆ తర్వాత మా మైదానంలో ఆ జట్టును ఎవరూ వేరే పేరుతో పిలవలేదు.

వాషింగ్టన్‌లో వాదం ఇంకా చల్లారలేదు. 2025 జూలైలో అధ్యక్షుడు ట్రంప్ పాత పేరు తిరిగి పెట్టాలనీ, లేదంటే కొత్త స్టేడియం ఒప్పందానికి అడ్డుపడతాననీ అన్నాడు. క్లీవ్‌లాండ్‌నూ అదే అడిగాడు. పాత పేరే కావాలనే ఆదివాసులు కూడా కొందరున్నారు. వాళ్ల మాటా వినాలి. కానీ వినాల్సింది వాళ్ల నోటితో, వాళ్ల సభల్లో, వాళ్ల తెగ మండళ్లలో. అధ్యక్షుడి బెదిరింపులో కాదు.

ఈ సంక్రాంతికి మా వినుకొండ, నూజెండ్ల వైపు టోర్నమెంట్లు పెట్టే కుర్రాళ్లను ఒకటి కోరుతున్నాను. ఎంట్రీ ఫారంలో జట్టు పేరు రాసే గడి కమిటీ నింపొద్దు. ఫారం ఆడేవాళ్ల చేతికే ఇచ్చి, వాళ్లతోనే రాయించండి. ఆ కాగితం మైకు పట్టుకునే అబ్బాయికి అందేలా చూడండి. కులం పేరుతో వచ్చిన జట్టు తనే ఇంకో పేరు చెప్పేదాకా డ్రా తీయకండి.