సీసాలో చేపకు చీటీ ఎందుకు?



చేప అంటే మనకు పులుసే యాదికొస్తది. కాని కొన్ని చేపలను వండరు, అమ్మరు. సీసాల్లో పెట్టి వందేండ్లయినా దాస్తారు. మన హైదరాబాదులో భారత జంతుశాస్త్ర సర్వే వారి మంచినీటి జీవుల కేంద్రం ఉంది. ఆ సర్వే 1916లో ఏర్పడింది. వాగుల్లో, చెరువుల్లో పట్టిన చేపలను అక్కడ దాచి పరిశీలిస్తారు.

చేప కుళ్ళకుండ ఎట్లుంటది? ముందు ఒక పాలు ఫార్మలిన్, తొమ్మిది పాళ్ళ నీళ్ళు కలిపి అందులో ఉంచుతారు. తర్వాత కడిగి, నూటికి 70 పాళ్ళ ఆల్కహాలులో పెడతారు. ఫార్మలిన్ విషం, కండ్లు మండుతయి, మనం ముట్టుకోవద్దు. చేప రంగు మాత్రం పోతది, ఉడికిన చేప లెక్క తెల్లగయితది. అందుకే ముందే ఫోటో తీస్తారు.

అమెరికాలో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో సుమారు 40 లక్షల చేపలున్నయి. ప్రపంచంలోని పెద్ద చేపల కొట్లలో అదొకటి. ఇట్లాంటి చోట్ల ఉద్యోగులతోపాటు వాలంటీర్లు కూడా పనిచేస్తారు. అంటే జీతం లేకుండ, ఇష్టంతో వచ్చేవాళ్ళు. ఆవిరైపోయిన ఆల్కహాలు నింపుడు, మూతలు చూసుడు, చేపలు లెక్కబెట్టుడు, చీటీలు చదివి రిజిస్టరులో ఎక్కించుడు వాళ్ళ పని. ఇదేం పని అనుకోకండి. చీటీయే అసలు సంగతి!

చీటీని పెన్సిలుతో రాసి సీసా లోపలనే వేస్తారు. బయట అంటిస్తే ఊడిపోతది. మామూలు పెన్ను సిరా ఆల్కహాలులో కరిగిపోతది. ఏ వాగు, ఏ ఊరి దగ్గర, ఏ తేది, ఎవరు పట్టిండ్రు అన్నది దాంట్లో ఉంటది. అది లేకపోతే ఎంత మంచి చేపయినా ఎక్కడిదో తెలువదు.

1947లో మహమూద్, రహీముల్లా అనే ఇద్దరు నిజామాబాద్ జిల్లా చేపల జాబితా అచ్చు వేసిండ్రు. అప్పుడు మన పిట్లం ఆ జిల్లాలోనే ఉండె. కామారెడ్డి జిల్లా 2016లో వచ్చింది. ఆ జాబితా పక్కన ఇప్పటి మంజీర చేపలను పెట్టి చూస్తే ఏది మిగిలిందో, ఏది కానరాదో తెలుస్తది. మా నాయనమ్మ "మునుపు వాగుల ఎన్ని తీర్ల సన్న చేపలుండె, ఇప్పుడేవీ?" అంటది. ఆమె మాట నేను నమ్ముత. కాని చూపెట్టడానికి సీసా లేదు, చీటీ లేదు. అంగడిలో బొచ్చె, రవ్వు, బంగారుతీగ కనబడతయి. అవన్నీ పెంచేటివి. సన్న చేపల లెక్క ఎవరు రాయాలె?

ఇంకో ముచ్చట. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ దొర, డాక్టరు, విశాఖపట్నంలో దొరికిన 200 చేపల బొమ్మలతో 1803లో పుస్తకం వేసిండు. అక్కడి తెలుగువాళ్ళు పిలిచే పేర్లే అందులో రాసిండు. మన వాలుగ చేప శాస్త్రీయ నామం వల్లగో అట్టు. ఆ వల్లగో మన వాలుగే! చైనాలో అయినా, అమెరికాలో అయినా మనోళ్ళు పెట్టిన పేరే రాయాలె. పుస్తకం మీద మాత్రం దొర పేరే ఉంది, పేర్లు చెప్పిన జాలరులది లేదు.

మా నాయనమ్మకు సంతకం రాదు, వేలిముద్రనే. అయినా ఆమె పట్టిన చేప చీటీ మీద ఆమె పేరే ఉండాలె అంటాను.

సీసాలు లేకున్నా నోటుబుక్కు చాలు. దసరా సెలవుల్లో మీ వాగు చేపల బొమ్మలు గీయండి. మీ పెద్దలు పిలిచే పేరు, ఊరు, తేది, పట్టినవాళ్ళ పేరు కింద రాసి తెండి. ఈ గోడ మీదనే అంటిద్దాం. పెన్సిలుతో రాయండి.