పేరులో సగం మెక్‌వీదే

ఫ్లీట్‌వుడ్ మాక్ అనే బ్యాండ్ పేరులో ‘ఫ్లీట్‌వుడ్’ డ్రమ్మర్ మిక్ ఫ్లీట్‌వుడ్ అయితే, ‘మాక్’ బేస్ గిటారిస్టు జాన్ మెక్‌వీ. తమాషా ఏమిటంటే, 1967 ఆగస్టులో విండ్సర్ పండుగలో ఆ బ్యాండ్ మొదటిసారి వేదిక ఎక్కిన రోజున మెక్‌వీ అందులో లేడు. జాన్ మేయాల్ బృందంలో జీతం రాళ్లు ఠంచనుగా చేతికందుతుంటే కొత్త బ్యాండ్‌ను నమ్ముకుని ఎలా వెళ్లడమని వెనకాడాడు. గిటారిస్టు పీటర్ గ్రీన్ మాత్రం మనిషి రాకముందే పేరు ఖాయం చేసేశాడు. అప్పటికి బాబ్ బ్రనింగ్‌తో బేస్ వాయింపించి పని గడిపారు. మేయాల్ సంగీతం జాజ్ వైపు మళ్లుతోందని విసిగిపోయి, కొద్ది వారాలకే మెక్‌వీ వచ్చి చేరాడు.

పుట్టింది 1945లో, లండన్ పశ్చిమాన ఈలింగ్‌లో. ముందు పట్టింది ట్రంపెట్. తర్వాత గిటారు. దోస్తులంతా లీడ్ గిటారు మీదే పడ్డారని, తన గిటారుకున్న పై రెండు తీగలు ఊడదీసి బేస్ వాయించడం మొదలుపెట్టాడు. బళ్లో చదువయ్యాక పన్నుల ఇన్‌స్పెక్టరు ఉద్యోగానికి శిక్షణలో చేరి, తొమ్మిది నెలలకే మానేశాడు.

1966లో వచ్చిన మేయాల్ బృందం ‘బ్లూస్ బ్రేకర్స్’ ఆల్బమ్ అట్ట మీద ఎరిక్ క్లాప్టన్ పిల్లల కామిక్ పుస్తకం చదువుతుంటాడే, ఆ ఫొటోలో మెక్‌వీ కూడా ఉన్నాడు. తాగుడు వల్ల మేయాల్ అతన్ని పంపించేయడం, మళ్లీ పిలవడం ఒకసారితో ఆగలేదు.

1974లో ఫ్లీట్‌వుడ్ మాక్ మేనేజరు ఆ బ్యాండ్ పేరు తనదేనంటూ వేరే వాద్యగాళ్లను పోగుచేసి అమెరికా మీదికి తోలాడు. అసలు ఫ్లీట్‌వుడ్, అసలు మాక్ ఇద్దరూ లేకుండానే! వ్యవహారం కోర్టుకెక్కింది.

ఇక ‘రూమర్స్’ ఆల్బమ్ సంగతి. 1976లో కాలిఫోర్నియాలోని సాసలిటోలో రికార్డింగు జరిగే నాటికి మెక్‌వీ, కీబోర్డు వాయించే భార్య క్రిస్టీన్ విడిపోయారు. బ్యాండ్ మాత్రం ఒకటే. లైటింగు చూసే మనిషిని ప్రేమించిన క్రిస్టీన్, అతని మీద ‘యూ మేక్ లవింగ్ ఫన్’ అనే పాట కట్టింది. మెక్‌వీ అడిగితే, మా కుక్క మీద రాశానని చెప్పింది! ఆ పాటకు బేస్ వాయించింది అతనే. ఇంత గొడవలోనూ ఆ వాయింపు ఎక్కడా తొణకలేదు. నాకు అదే వింత.

అదే ఆల్బమ్‌లోని ‘ది చెయిన్’ వేరువేరు ముక్కలు అతికించి తయారుచేసిన పాట. అయిదుగురి పేర్లూ రచయితలుగా ఉన్నది ఈ ఒక్కదానికే. మూడో నిమిషం దాటగానే అన్నీ ఆగి, బేస్ ఒంటరిగా మొదలవుతుంది. 1978లో బీబీసీ ఆ ముక్కను ఫార్ములా వన్ కార్యక్రమానికి సంగీతంగా తీసుకుంది. అలా మెక్‌వీ ఎవరో తెలియని కార్ల రేసు అభిమానులకూ అతని వాయింపు కంఠతా వచ్చేసింది.

పెంగ్విన్లంటే ప్రాణం. లండన్ జూలో గంటల తరబడి వాటినే చూస్తూ నిలబడేవాడట. 1973 ఆల్బమ్‌కు ‘పెంగ్విన్’ అనే పేరు అలా వచ్చింది. చేతి మీద పచ్చబొట్టు కూడా అదే.

1979లో ‘టస్క్’ పాట వీడియో లాస్‌ ఏంజెలిస్ డాడ్జర్ స్టేడియంలో, విశ్వవిద్యాలయ బ్యాండు మేళంతో తీశారు. మెక్‌వీ తాహితీలో ఉన్నాడు. రానంతమాత్రాన వదిలేస్తారా? నిలువెత్తు అట్టబొమ్మ చేయించారు. వీడియోలో దాన్ని మోసుకు తిరుగుతున్నది మిక్ ఫ్లీట్‌వుడ్డే.