ఓట్లు పెరిగిన ఓటమి

మా మేనమామ దివి తాలూకాలోని ఒక పల్లెయందు ప్రాథమికోపాధ్యాయుడుగా నుండెను. 1955 ఫిబ్రవరిలో ఆంధ్రరాష్ట్ర మధ్యంతర ఎన్నికలు జరిగి ఫలితములు వెలువడుచున్న దినములలో ఆయన బడిపిల్లల రూళ్ళపుస్తకమొకటి తీసికొని, పుట నడుమ నిలువుగీత గీచి, ఎడమప్రక్క కాంగ్రెసు కూటమికిని కుడిప్రక్క కమ్యూనిస్టుల గుర్తైన కంకి కొడవలికిని చోటు పంచి, బస్సులో వచ్చు పత్రికను చూచి గెలిచిన స్థానమునకొక పెన్సిలు గీటు చొప్పున పెట్టుచుండెను. కుడిప్రక్క చోటును కావలెననియే విశాలముగా విడిచెను. ఎడమగడి నిండి పుట త్రిప్పవలసివచ్చెను. కుడిగడిలో పదునైదవ గీటు దగ్గర పెన్సిలు ఆగిపోయెను. ఆ రాత్రి ఆయన అన్నము ముట్టలేదనియు, "జనం మనల్ని వద్దన్నారే, వాళ్ళ కోసమే కదా ఇంతా చేసింది" అని పలుమారులు అనెననియు మా అత్త చెప్పగా వింటిని.

కృష్ణా, గుంటూరు మండలములలో ఆ మాసమున పెక్కు ఇండ్ల వినబడిన మాటయే అది. వారి ఆశకు ఆధారము లేకపోలేదు. 1952లో, ఇంకను ఉమ్మడి మద్రాసు రాష్ట్రమున నుండగనే, ఆంధ్రప్రాంతపు 140 స్థానములలో కమ్యూనిస్టులు 41 గెలిచిరి. బెజవాడ గోపాలరెడ్డి, కళా వెంకటరావు వంటి మంత్రులే ఓడిపోయిరి. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రమేర్పడి, టంగుటూరి ప్రకాశము పంతులుగారు ముఖ్యమంత్రియై, వారి మంత్రివర్గము 1954 నవంబరులో మద్యనిషేధపు తగవునందు ఒక్క ఓటు తేడాతో పడిపోగా, ఇక రాబోవునది తమ ప్రభుత్వమేయని కమ్యూనిస్టు పక్షము బహిరంగముగా చాటి, 196 స్థానములలో 169కి అభ్యర్థులను నిలిపెను. శ్రీశ్రీ ఆ పక్షము తరఫున ఊరూర తిరిగి ప్రసంగించెను. ఆ ఎన్నికల పిదప అంతటి కవియే మానసికముగా అస్వస్థుడై చికిత్స పొందవలసివచ్చెనన్నచో, సామాన్యుడైన మా మామ ఒక పూట అన్నము మానుట వింత కాదు.

అయితే జనులు నిజముగా వద్దనిరా? దీనికి ఓట్ల పట్టిక చూడవలెను. పోలైన ఓట్లలో కాంగ్రెసునకు 39 శాతమును, కమ్యూనిస్టులకు 31 శాతమును వచ్చినవి. స్థానములలో మాత్రము కాంగ్రెసునకు 119, కమ్యూనిస్టులకు 15. 1952తో పోల్చినచో కమ్యూనిస్టుల ఓట్ల భాగము తగ్గుటకు మారు బాగుగా పెరిగినది. అనగా మూడేండ్ల క్రిందట 41 మందిని గెలిపించిన దానికంటె హెచ్చుభాగము ఓట్లు ఇప్పుడు 15 మందిని మాత్రమే గెలిపింపగలిగినవి. ఇందులో మాయ లేదు. మన విధానమున ఒక్కొక్క నియోజకవర్గమందు తక్కినవారికంటె ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడు గెలుచును. ఓడినవారికి పడిన ఓట్లు, వేలకొలదియైనను, శాసనసభ గడప దాటవు. 1952లో కాంగ్రెసును, ఆచార్య రంగాగారి కృషికార్ లోక్ పక్షమును, ప్రకాశముగారి పక్షమును ఒకరిపైనొకరు పోటీపడి, ఒకే చేని గింజలను మూడు కుప్పలుగా పోసికొనగా, నాలుగవ కుప్ప పెద్దదిగా కనబడెను. 1955లో, ఒక ఒరలో రెండు కత్తులిమడవను సామెతను త్రోసిపుచ్చి, మూడు కత్తులును ఒక ఒరలో దూరి, ఐక్యకూటమి పేరిట చోటికొక అభ్యర్థిని నిలిపినవి. కుప్పలు కలిసినవి, నాలుగవ కుప్ప మునుపటికంటె పెరిగియు చిన్నబోయెను.

ప్రచారబలమును తక్కువ కాదు. బొంబాయి నుండి ఎస్.కె. పాటిల్ వచ్చి కాంగ్రెసు పోరాటమును నడిపెను. నార్ల వెంకటేశ్వరరావుగారు ఆంధ్రప్రభలో కమ్యూనిస్టులపై కలము ఝళిపించిరి. ఆ జనవరిలోనే ఆవడి మహాసభయందు కాంగ్రెసు సామ్యవాద తరహా సమాజము తన లక్ష్యమని తీర్మానించి, ఎదుటివారి నినాదమును సగము తన నోటికెత్తుకొనెను. అదే మాసమున మాస్కో పత్రిక ప్రావ్దా నెహ్రూ విధానమును మెచ్చుకొనగా, కాంగ్రెసువారు దానిని అచ్చొత్తించి పంచిపెట్టిరి. ఇవియన్నియు ఒక యెత్తు. చిన్నరైతు భయము మరియొక యెత్తు. 1951 వరకు సాగిన తెలంగాణా సాయుధ పోరాటపు వార్తలను విన్న ఐదెకరముల ఆసామి, దున్నువానికే భూమియను మాటలో తన భూమియు పోవునేమోయని జంకెను. ఆ భయమును కల్పితమని త్రోసివేసినవారు ఆ రైతుతో కూర్చుండి మాటలాడినవారు కారు. పక్షము తన గెలుపును ముందుగానే చాటుకొనుటయు ఆ జంకును పెంచినదనియే నా నమ్మకము.

కాని ఓడిన ఓటరు మనస్సు ఈ కారణములను వెదకదు. దాని కోపము దూరముననున్న నాయకునికంటె ముందు ఎదుటియింటివానిని తాకును. మా మామ అంతకుముందు ప్రతిరాత్రియు అరుగుమీద లాంతరు పెట్టి, చదువురాని కూలీలకు విశాలాంధ్ర పత్రికను చదివి వినిపించెడివాడు. ఫలితములు వచ్చిన పిదప లాంతరు బయట పెట్టలేదు. "అమ్ముడుపోయినవాళ్ళకు చదివి వినిపించేదేమిటి" అనుచుండెనట. ఆ అరుగు క్రింద కూర్చుండిన కూలీలలో పెక్కురు కంకి కొడవలికే ఓటు వేసియుందురు. ఓటమి వారిదియును, దానితో లాంతరు కూడ పోయినది. పరమసాధువైన మనిషి చేసిన ఈ అన్యాయమును తలచినప్పుడు నాకు నేటికిని మనస్సు చివుక్కుమనును.

1952లో ఓడిన బెజవాడ గోపాలరెడ్డిగారే 1955 మార్చిలో ముఖ్యమంత్రి అయిరి. మరి రెండేండ్లకు కేరళమున కమ్యూనిస్టులు 35 శాతము ఓట్లతో 126 స్థానములలో 60 గెలిచి, స్వతంత్రుల తోడ్పాటుతో ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ నాయకత్వమున ప్రభుత్వమేర్పరచిరి. అచ్చట ఎదుటి పక్షములన్నియు ఒక్కటిగా కూడలేదు. ఇచ్చటి 31కిని అచ్చటి 35కును నడుమనున్న దూరము నూటికి నాలుగు ఓట్లే.

ఆ వార్త వచ్చిననాడు మామ పెట్టె అడుగున నున్న రూళ్ళపుస్తకము తీసి, పదునైదవ గీటు క్రింద మిగిలిన ఖాళీలో "కేరళ 60" అని వ్రాసికొనెను. ఆ వ్రాతను నేను కన్నులార చూచితిని. ఆ సాయంకాలము లాంతరు చిమ్నీ తుడిచి, వత్తి కత్తిరించి, మరల అరుగుమీద పెట్టెనట. మునుపు ఇరువదిమంది వరకు కూర్చుండు చోట ఆ రాత్రి ముగ్గురే వచ్చిరని అత్త చెప్పెను.