అగర్ పళ్లెములో రక్తకణములు

రక్తమునుగూర్చిన పాఠము ముగియుచుండగా ఒక బాలిక లేచి, “ఎన్ని కణాలు తయారుచెయ్యాలో మూలుగకి ఎవరు చెబుతారు మాష్టారూ?” అని యడిగినది. మన యెముకల మూలుగ సెకనుకు ఇంచుమించు ఇరువది లక్షల యెఱ్ఱకణములను పుట్టించునని నేను చెప్పియుండుటచే కలిగిన సందేహమది. ఎఱ్ఱకణముల మాటకు మూత్రపిండములు పంపు ఎరిత్రోపాయటిన్‌ను చూపి తప్పించుకొనవచ్చును గాని, తెల్లకణముల విషయమున ఒక పళ్లెము కథ చెప్పక తీరదు.

మెల్బోర్న్ నగరమున రే బ్రాడ్లీ అను శాస్త్రజ్ఞుడు చిట్టెలుకల ల్యుకీమియా కణములను పెంపనెంచి, వానికి తోడ్పాటుగా నుండుటకై పళ్లెము నడుగున మూలుగ (మజ్జ) కణములను పఱచెను. ఆశించినవి కాక, అడుగుననున్న మజ్జకణములే గుంపులు కట్టెను! ఆయన డొనాల్డ్ మెట్కాఫ్‌తో కూడి 1966లో ఈ సంగతిని ప్రకటించెను. వీరికి తెలియకుండనే ఇజ్రాయెల్‌లోని రెహోవోత్‌లో ప్లుజ్నిక్, లియో సాక్స్ అనువారు అంతకుముందు సంవత్సరమే అట్టి ఫలితమును వెలువరించియుండిరి.

నన్ను ముగ్ధుని చేయునది అందలి అగర్. ద్రవములో వదలిన కణములు కలగలసిపోవుటచే ఏది దేని సంతానమో నిర్ణయింప శక్యము కాదు. అట్లుగాక, సముద్రపు నాచునుండి తీసిన అగర్‌ను నూటికి 0.3 పాలు మాత్రము కలిపి, గోరువెచ్చగా నుండగనే కణములను చేర్చి చల్లారనిచ్చినచో, పేరుకొన్న గంజిలో మెతుకువలె ప్రతి కణమును ఉన్నచోటనే నిలిచిపోవును. అది చీలినను సంతతి దూరముగా పోజాలదు. వారము గడచునప్పటికి ఒక్క కణము వంశమంతయు ఒకచోట గుంపై సూక్ష్మదర్శినికి కనబడును. ఏబదికి తక్కువ కణములున్న గుంపును వారు కాలనీగా నెంచరైరి. కణములను ప్రేరేపించు పదార్థ మొకటి లేనిచో కాలనీ పుట్టదు. దాని మోతాదు పెరిగినకొలది, ఒక మేరవఱకు, కాలనీల సంఖ్యయు పెరుగును. నడుమ తొలగించినచో కణములు మరణించును. కనుక కాలనీలను లెక్కించుటయే ఆ యదృశ్యపదార్థమును కొలుచుట యయ్యెను.

ఇరుతావులను ఆ కాలనీలలోని కణములను మొదట మాస్ట్ కణములని పొరబడిరి. రంగు వేసినపుడు కానవచ్చిన రేణువులు, మాక్రోఫేజులను తెల్లకణములు మ్రింగిన అగరేయని పిమ్మట తేలినది. ఆ తిండిపోతుల మూలమున పండితులు మోసపోవుట నాకు మిక్కిలి వినోదము. ఆ ప్రేరక పదార్థపు పేరు విషయమునను ఏకీభావము లేదు: మెల్బోర్న్‌వారు సి.యస్.యఫ్. (కాలనీలను ప్రేరేపించు కారకము) అనిరి, రెహోవోత్‌వారు యమ్.జి.ఐ. అనిరి.

1980 తరువాత మెట్కాఫ్, ఆయన సహశాస్త్రజ్ఞుడు బర్జెస్ ఒక కణము చీలగా కలిగిన కవలలను విడదీసి, ఒకదానిని సి.యస్.యఫ్. రకములలో జి.యమ్.-సి.యస్.యఫ్. అనుదానిలోను, రెండవదానిని యమ్.-సి.యస్.యఫ్.లోను పెంచిరి. రెండవదాని సంతతి మాక్రోఫేజులవైపు మొగ్గగా, మొదటిదాని సంతతిలో గ్రాన్యులోసైట్లను మఱియొక తెగ తెల్లకణములును గణనీయముగా పుట్టెను. జన్మము ఒకటియే యైనను, ఏ పదార్థము సోకెనో దానినిబట్టి వృత్తి మాఱుననుటకు ఇంతకంటె చక్కని సాక్ష్యమును నేనెఱుగను. ఆ బాలికకు నేను చెప్పిన సమాధానమును ఇదియే.

అటుపిమ్మటి చరిత్ర త్వరితము. నాలుగు సి.యస్.యఫ్.లు శుద్ధిచేయబడెను, జన్యువులు దొరకెను, వానిలో జి.-సి.యస్.యఫ్. 1991లో అమెరికాలో ఔషధమై, కేన్సరు చికిత్సచే తెల్లకణములు క్షీణించినవారికి అక్కఱకు వచ్చెను. హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ సంస్థయు దానిని గ్రాఫీల్ అను పేర విక్రయించినది. అగర్‌కు బదులు పెక్కుచోట్ల మిథైల్ సెల్యులోజు వచ్చినను, బొడ్డుత్రాడు రక్తపు నిధులలో అతిశీతలమున ఘనీభవింపజేసి దాచిన రక్తము కరగిన పిమ్మట పనికివచ్చునో లేదో తెలిసికొనుటకు నేటికిని కాలనీలనే లెక్కించుచున్నారు.