ఆరాధనలో అకౌస్టిక్ గిటారు ఆంప్లిఫయర్: సక్రమ వినియోగము

మన తెలుగు సంఘములలో హార్మోనియము, తబలా, డోలక్, తాళముల సరసన ఇప్పుడు గిటారు కూడా చేరింది. దానితోపాటు ఆంప్లిఫయరూ వచ్చింది. కాని దానిని వాడే విధానము వేదాంత కళాశాలలో మనకెవరూ నేర్పలేదు.

కొంతకాలము క్రితము మా సంఘ విశ్వాసులు కానుకలు కూర్చి ఒక అకౌస్టిక్ గిటారు ఆంప్లిఫయర్ కొన్నారు. మొదటి ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత వృద్ధురాలైన ఒక తల్లి మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఈవేళ తీగెల మోత తప్ప పాట మాటలు వినబడలేదండి" అన్నది. ఆమెకు చదువు రాదు. పాటల పుస్తకము చూడలేదు. చెవిని పడిన మాటలనుబట్టియే ఆమె పాడుతుంది. మాటలు వినబడని ఆ దినమున ఆమె పాడలేదు. పరికరములో లోపము లేదు. దానిని వాడుట మాకు తెలియలేదు. తరువాత మేము నేర్చుకొన్న సంగతులను ఈ వ్యాసములో వివరిస్తున్నాము.

1. పరికర స్వభావము

ఎలక్ట్రిక్ గిటారు కొరకు చేసిన ఆంప్లిఫయర్ తీగెల ధ్వనిని కావాలనే మార్చి వినిపిస్తుంది. దాని స్పీకరు సుమారు 5,000 హెర్ట్జ్‌కు పైనున్న ధ్వనులను చాలా తక్కువగా పంపుతుంది. అకౌస్టిక్ ఆంప్లిఫయర్ పని వేరు. అది కొయ్య గిటారు ధ్వనిని వీలైనంతవరకు ఉన్నదున్నట్లు పెంచాలి. అందుకే దానిలో సాధారణముగా క్రింది స్వరములకు పెద్ద స్పీకరు, పై స్వరములకు చిన్న ట్వీటరు ఉంటాయి.

ఇటువంటి గిటార్లలో చాలావాటికి, తీగెలు ఆనుకొనే పట్టీ క్రింద పీజో పికప్ ఉంటుంది. గిటారులోని ప్రీఆంప్ దాని సంకేతమును ఆంప్లిఫయర్‌కు తగినట్లు చేస్తుంది. తరచుగా దీనికి 9 వోల్టుల బ్యాటరీ వాడతారు. బ్యాటరీ నీరసిస్తే ధ్వని పగిలినట్లుంటుంది గనుక, ఆంప్లిఫయర్ చెడిపోయిందనుకొనే ముందు బ్యాటరీ మార్చి చూడాలి. గిటారుకు కేబుల్ గుచ్చి ఉన్నంతసేపు బ్యాటరీ ఖర్చవుతుంది. ఆరాధన కాగానే తీసివేయాలి.

2. వాట్లను గూర్చిన అపోహ

30 వాట్లది చాలలేదని 60 వాట్లది కొంటే ధ్వని రెట్టింపు కాదు. పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు పది రెట్ల శక్తి కావాలి. ఫిష్‌మన్ లౌడ్‌బాక్స్ మినీ వంటి 60 వాట్ల చిన్న పెట్టె ఒక మోస్తరు మందిరమునకు సాధారణముగా చాలుతుంది. పెద్ద మందిరమైతే ఆంప్లిఫయర్ వెనుకనున్న డి.ఐ. అవుట్ నుండి మిక్సరుకు కలిపి, మందిరపు స్పీకర్ల ద్వారా వినిపించాలి. అప్పుడు ఆంప్లిఫయర్ వాయించే వారికి వినబడేంత ఉంటే చాలు.

3. నాబ్‌ల అమరిక

మొదట బాస్, మిడ్, ట్రెబుల్ మధ్యలోను, రివర్బ్ సున్నలోను ఉంచాలి. మాస్టర్ వాల్యూమ్ తగ్గించి, సహోదరుడు ఆరాధనలో వాయించేంత గట్టిగా వాయిస్తుండగా గెయిన్ మెల్లగా పెంచాలి. క్లిప్ అనే ఎర్రదీపము మిణుకుమనగానే కొంచెము వెనుకకు త్రిప్పాలి. ఆ తరువాతనే మాస్టర్ పెంచాలి.

మాటలు వినబడనప్పుడు మైకు పెంచుటకంటె, అడ్డు వస్తున్నదానిని తగ్గించుట మేలు. క, త, ప వంటి హల్లులను చెవి గుర్తుపట్టే ఆనవాళ్లు ఎక్కువగా 1,000 నుండి 4,000 హెర్ట్జ్‌ల మధ్య ఉంటాయి. గిటారు కూడా అక్కడే మ్రోగితే మాట మసకబారుతుంది. గనుక గిటారు ఛానెల్‌లో మిడ్, ట్రెబుల్ కొద్దిగా తగ్గించాలి. డోలక్, బేస్ గిటారు ఉన్నచోట బాస్ కూడా తగ్గించవచ్చు. స్లాబు కప్పు, టైల్స్ నేల ఉన్న మందిరములో ప్రతిధ్వని ముందే ఉన్నది; రివర్బ్ దాదాపు అవసరము లేదు.

4. స్థానము, హోరు

స్పీకరు ధ్వని గిటారు పెట్టెను కంపింపజేస్తుంది. ఆ కంపనమును పికప్ మరల ఆంప్లిఫయర్‌కు పంపుతుంది. ఈ చక్రమే ప్రార్థన మధ్యలో లేచే హోరుకు కారణము. పెద్ద గిటారు పెట్టెలోని గాలి సుమారు 100 హెర్ట్జ్ వద్ద బలముగా స్పందిస్తుంది గనుక హోరు తరచుగా ఆ ప్రాంతములో పుడుతుంది. స్పీకరును గిటారు రంధ్రమునకు ఎదురుగా పెట్టకూడదు. ఫేజ్ స్విచ్చి మార్చి చూడాలి. నాచ్ నాబ్ ఉంటే హోరు తగ్గేవరకు త్రిప్పాలి. రంధ్రమునకు రబ్బరు మూత పెట్టుట కూడా మంచి ఉపాయము. పెట్టెను గోడమూలలో నేలపై ఉంచితే బాస్ ఉబ్బుతుంది. ఒక బల్లపై, గోడకు దూరముగా, సంఘము వైపు త్రిప్పి ఉంచాలి.

5. ప్రాణభద్రత

గుర్‌ర్ మను శబ్దము పోవుటకు కొందరు ప్లగ్గులోని ఎర్తు పిన్ను తీసివేస్తారు. ఇది ప్రాణాపాయము. 230 వోల్టుల కరెంటు లోపల పెట్టెకు తగిలితే, తీగెలపై చేతులు, మైకుకు పెదవులు ఆనించి పాడే యౌవనస్థుని దేహమే దానికి దారి కావచ్చు. మిక్సరును, ఆంప్లిఫయర్‌ను సరియైన ఎర్తింగ్ ఉన్న ఒకే బోర్డు నుండి నడిపితే ఆ శబ్దము చాలావరకు తగ్గుతుంది. డి.ఐ. దగ్గరనున్న గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్చి వాడవచ్చు. అది సంకేతపు కేబుల్ ఎర్తును మాత్రమే విడదీస్తుంది. పందిరి కూటములలో జనరేటరు మార్చే ముందు వాల్యూమ్ తగ్గించి, ఆంప్లిఫయర్ ఆపివేయాలి.

ముగింపు

కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయములో పౌలు సంఘములో పలికే మాట అర్థము కావలెనని బోధిస్తూ, పిల్లనగ్రోవిని, వీణను ఉదాహరణగా తీసుకొన్నాడు. మన ఆంప్లిఫయర్‌కు కూడా అదే కొలత. ఆరాధనకు ముందు ఒకరు చివరి వరుసలో కూర్చుండి, పుస్తకము చూడకుండ పాట మాటలను గుర్తించగలుగుతున్నారో లేదో పరీక్షించాలి. జనము నిండిన తరువాత మనుష్యులు, వస్త్రములు పై స్వరములను పీల్చుకొంటాయి గనుక మొదటి పాటలో మరల ఒకసారి వినాలి. మేము ఆ వరుసలో ఇప్పుడు ఆ తల్లినే అడుగుతున్నాము. ఆమె పాడుచున్నదంటే నాబ్‌లు సరిగా ఉన్నట్లే.