పని మాది, గది మీది... మరి లెక్క ఎవరిది?

విదేశాలు చూడాలంటే లక్షలు కావాలని మనలో చాలామంది అనుకుంటాం. కానీ పని చేసి పెడితే ఉండటానికి గదీ, తినటానికి తిండీ ఇచ్చే ఇళ్ళు, పొలాలు, చిన్నచిన్న బసలు ప్రపంచమంతటా ఉన్నాయి. జీతం ఉండదు, అద్దె కూడా ఉండదు. తోటలో కలుపు తీయడం, పశువులకి మేత వేయడం, గోడలకి రంగులు వేయడం, వంట చేయడం, పిల్లల్ని చూసుకోవడం... ఇలా ఒకచోట నెల, ఇంకోచోట రెండు నెలలు ఉంటూ ఏళ్ళ తరబడి తిరిగే జంటలు ఉన్నారు.

బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్న మా అన్నయ్య కూతురూ, అల్లుడూ ఇప్పుడు అదే మాట అంటున్నారు. రెండేళ్ళు అలా తిరిగొస్తామని! మా వదిన నెత్తీ నోరూ బాదుకుంటోంది. "నువ్వైనా చెప్పు వాళ్ళకి" అని ఆ పని నామీద పెట్టింది. మా అత్తగారైతే ఒక్క ముక్కలో తేల్చేశారు: "అద్దె అడగనోడు చాకిరీ అడగడేటి?"

నేను వద్దని చెప్పలేదు. వయసులో ఉన్నప్పుడు నాలుగు దేశాలు చూస్తామంటే ఎందుకు కాదనాలి? కాకపోతే కొంత వాకబు చేశాను. తెలిసినవి ఇంకో నలుగురికి పనికొస్తాయని రాస్తున్నాను.

ఒక సెక్రటరమ్మ ఆలోచన

ఈ పద్ధతికి పేరు తెచ్చింది ఓ మామూలు ఉద్యోగిని అంటే నమ్ముతారా? లండన్‌లో సెక్రటరీగా పనిచేసే స్యూ కాపర్డ్‌కి శని, ఆదివారాలు పల్లెలో గడపాలని ఉండేది. డబ్బు పెట్టి వెళ్ళే బదులు, పొలంలో సాయం చేసి అక్కడే ఉంటే పోలా అనుకుంది. 1971లో ససెక్స్‌లోని ఒక సేంద్రియ పొలంలో ఆ ప్రయత్నం జరిగింది. 'వూఫ్' అనే సంస్థ అలా పుట్టింది. ఇప్పుడది మన దేశంతో సహా ఎన్నో దేశాల్లో ఉంది. 2002లో మొదలైన 'వర్క్‌అవే'లో పొలాలే కాదు, ఇళ్ళు, బసలు, బడులు కూడా ఉంటాయి. ఆలుమగలు ఇద్దరూ కలిసి సభ్యత్వం తీసుకోవచ్చు. రోజుకి సుమారు ఐదు గంటలు, వారానికి ఐదు రోజులు పని అన్నది వాళ్ళు చెప్పే కొలత.

వినడానికి బాగానే ఉంది కదా! కానీ 'పనికి బదులు బస' అన్న మాట మన జిల్లాలు ఎప్పుడో విన్నాయి.

మన ముత్తవ్వలు విన్న మాట

1860 నవంబరు 16న మద్రాసు నుంచి వెళ్ళిన 'ట్రూరో' అనే ఓడ 342 మందితో దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. అక్కడి నటాల్ చెరకు తోటల్లో ఐదేళ్ళు పనిచేస్తామని ఒప్పందం. 1911 దాకా అలా సుమారు 1,52,000 మంది మన దేశం నుంచి వెళ్ళారు. వాళ్ళలో తెలుగువాళ్ళు ఎక్కువగా అప్పటి విశాఖపట్నం, గంజాం జిల్లాల వాళ్ళు. నేటి విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాలు అప్పట్లో ఆ జిల్లాల్లోనివే.

ఆ ఒప్పందంలో ఉండే చోటు ఉచితం. తిండి గింజలూ వాళ్ళే కొలిచి ఇస్తారు. మగవాడికి మొదటి ఏడాది నెలకి 10 షిల్లింగులు, ఏడాదికొకటి పెరిగి ఐదో ఏడుకి 14. మరి ఆడవాళ్ళకి? కూలీలో సగం, గింజల్లోనూ సగం! ఒకే పాకలో ఉండి, ఒకే తోటలో చేసినా లెక్కల పుస్తకంలో ఆవిడ అర మనిషి. చీటీ లేకుండా తోట దాటి బయటికి వెళ్తే శిక్ష.

ఐదేళ్ళూ అయ్యాక అక్కడే ఉండిపోవాలంటే 1895 చట్టం ప్రకారం ఏడాదికి 3 పౌండ్ల పన్ను కట్టాలి. 3 పౌండ్లంటే 60 షిల్లింగులు. 14 షిల్లింగులు తెచ్చుకునే మగవాడికి నాలుగు నెలల పైన సంపాదన. సగం కూలీ ఆడమనిషికి ఎనిమిది నెలల పైమాటే! ఇది చాలక 1913 మార్చిలో అక్కడి కోర్టు, క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్ళి చట్టం దృష్టిలో పెళ్ళే కాదంది. ఒక్క తీర్పుతో వేలమంది ఇల్లాళ్ళు ఎవరికీ ఏమీ కాకుండా పోయారు. ఆ ఏడు జరిగిన సత్యాగ్రహంలో ఆడవాళ్ళు జైళ్ళకి వెళ్ళారు. కస్తూర్బా గాంధీకి మూడు నెలల శిక్ష పడింది. 1914లో పన్నూ పోయింది, పెళ్ళిళ్ళకి గుర్తింపూ వచ్చింది.

నేటి యాత్రికుల్ని వాళ్ళతో పోల్చడం తప్పేనని నాకూ తెలుసు. వాళ్ళు పేదరికం తరిమితే వెళ్ళారు, వీళ్ళు సరదాకి వెళ్తున్నారు. నచ్చకపోతే రేపే పెట్టె సర్దుకోవచ్చు. అయినా ఒకటి మాత్రం మారలేదు. గది ఇచ్చేవాడే పని కొలుస్తాడు. ఆ కొలతలో ఆడవాళ్ళ పని తరిగిపోతుంది.

వీసాకి మొగుడూ పెళ్ళాం తెలీదు

అసలు చిక్కు వీసాతో వస్తుంది. 'జీతం తీసుకోం కదా, టూరిస్టు వీసా చాలు' అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. గదీ, భోజనం పుచ్చుకుని చేసేది కూడా పనే అంటుంది న్యూజిలాండ్. అందుకు పనిచేసే అనుమతి ఉన్న వీసా కావాలి. 2025లో బ్రిటన్ యువతి ఒకామె అమెరికాలో ఇంటిపనులు చేసి పెడుతూ ఒక కుటుంబంతో ఉంది. అక్కడి నుంచి కెనడా వెళ్ళబోతే సరిహద్దులో ఆపి వెనక్కి పంపారు. తర్వాత అమెరికా అధికారులు 19 రోజులు నిర్బంధంలో ఉంచారు. బ్రిటన్ పాస్‌పోర్టుకే అలా జరిగితే మన పాస్‌పోర్టు సంగతి ఊహించుకోండి!

సక్రమమైన దారులు లేకపోలేదు. బ్రిటన్ 2023 నుంచి 'యంగ్ ప్రొఫెషనల్స్' పథకం కింద ఏడాదికి 3,000 మంది దాకా భారతీయులకి రెండేళ్ళ వీసా ఇస్తోంది. డిగ్రీ ఉండాలి. ఆస్ట్రేలియా 2024 నుంచి 'వర్క్ అండ్ హాలిడే' వీసాలు ఏడాదికి 1,000 ఇస్తోంది. రెండిటికీ వయసు 18 నుంచి 30 మధ్య ఉండాలి. రెండూ లాటరీయే. ఎవరి దరఖాస్తు వారిదే, భార్య పేరు మీద భర్త, భర్త పేరు మీద భార్య వెళ్ళడానికి లేదు. లాటరీలో ఒకరికి తగిలి ఒకరికి తగలకపోతే ఏం చేస్తారో ముందే మాట్లాడుకోవాలి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఏజెంటు మాట కాకుండా ఆ దేశపు ప్రభుత్వ సమాచారమే చూడాలి.

వంటగదికి గడియారం ఉండదు

మగవాళ్ళకి కంచె కట్టమనో, కట్టెలు కొట్టమనో చెప్తారు. ఐదు గంటలు కాగానే పార కింద పెట్టొచ్చు. ఆడవాళ్ళకి సాధారణంగా వంటా, పిల్లలూ పడతాయి. వంటిల్లు ఎప్పుడు మూత పడుతుందో మనకి తెలియనిదా? 'మీ వంట భలే ఉంది' అన్న ఒక్క మెచ్చుకోలుతో ఐదు గంటలు ఎనిమిదవుతాయి. పైగా భర్త కూడా 'పోనీలే, మంచివాళ్ళు కదా' అంటాడు.

ఇది కుర్ర జంటల సంగతే కాదు. కొడుకో కూతురో పిలిస్తే మనవల కోసం ఆర్నెల్లు అమెరికా వెళ్ళొచ్చే తల్లిదండ్రులు మన ప్రతి వీధిలోనూ ఉన్నారు. మా ఎదురింటావిడ తిరిగొచ్చాక అంది కదా, "ఆయన పార్కులన్నీ చూశారు, నేను స్టవ్వు చూశాను" అని. అక్కడ ప్రేమ ఉంది, నిజమే. ప్రేమ ఉంటే విశ్రాంతి అక్కర్లేదా?

బయల్దేరే ముందు...

మా పిల్లకి చెప్పినవే మీకూ చెప్తున్నాను.

రోజుకి ఎన్ని గంటలు, ఏ పని, వారానికి ఎన్ని సెలవులు అన్నది ఇద్దరికీ విడివిడిగా రాయించుకోండి. 'మీ జంట' అని కలిపి రాస్తే ఒప్పుకోవద్దు.

గదికి లోపలి గడియ ఉందా, స్నానాల గది ఎక్కడ అని అడగడానికి మొహమాటం వద్దు. అంతకుముందు అక్కడ ఉండి వెళ్ళిన ఆడవాళ్ళ అభిప్రాయాలు తప్పక చదవండి.

పాస్‌పోర్టు ఎవరిది వాళ్ళ దగ్గరే ఉండాలి. ఇంటివాళ్ళకి దాచిపెట్టమని ఇవ్వొద్దు. తిరుగు టిక్కెట్టుకి సరిపడా డబ్బు భార్య ఖాతాలో వేరుగా ఉండాలి. అర్ధరాత్రి బయటికి రావలసొస్తే దగ్గర్లో ఎక్కడ ఉండాలో వెళ్ళిన రోజే చూసిపెట్టుకోవాలి. ఆరోగ్య బీమా ఇద్దరికీ తప్పనిసరి.

అన్నిటికంటే ముందు ఒక నెల మన దేశంలోనే ఇలాంటి పొలంలో ఉండి చూడండి. వీసా గొడవ ఉండదు, నచ్చకపోతే రైలెక్కి వచ్చేయొచ్చు. వెళ్ళేటప్పుడు చెరో చిన్న పుస్తకం పట్టుకెళ్ళి, ఏ రోజు ఎన్ని గంటలు పని చేశారో ఎవరిది వాళ్ళు రాసుకోండి. నెలాఖరున ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. రెండు లెక్కలూ ఇంచుమించు ఒక్కలాగే ఉంటే, ఇక నిశ్చింతగా పాస్‌పోర్టులు బయటికి తీయండి.